వెనక చక్రాలకూ స్టీరింగ్: అందరూ వద్దనే పద్ధతిలో

కొత్తగా చిన్న రేడియో కంట్రోల్ క్రాలర్, అంటే రాళ్ళూ గట్లూ ఎక్కే బొమ్మ బండి, కొన్నవాళ్ళకి ఎవరైనా ఇచ్చే మొదటి సలహా ఒకటే. కొన్నాళ్ళు ఉన్నదున్నట్టు నడపండి, చెయ్యి తిరిగాక మార్పులు చేసుకోండి అంటారు. నేను ఒప్పుకోను. పెట్టె విప్పిన వారంలోనే వెనక యాక్సిల్ ఊడదీయండి. ముందు చక్రాలు మాత్రమే తిరిగే బండి మలుపులో తోకని లోపలికి లాగేస్తుంది. ఆ తోక కోసం ముందే వెడల్పుగా తిప్పడం వేళ్ళకి అలవాటైపోతుంది. ఆ అలవాటు ఒకసారి కుదురుకుందా, వదిలించుకోవడం కష్టం. ముందు చక్రాలు ఎంత తిరిగితే వెనకవి అంతే ఎదురు దిశలో తిరిగే బండిలో వెనక టైరు ముందు టైరు జాడలోనే నడుస్తుంది. ముందు చక్రం రాయిని తప్పించుకుంటే వెనకదీ తప్పించుకున్నట్టే. ఆ నడకకి తగిన చెయ్యి కావాలంటే వేరే అలవాటేదీ లేని చెయ్యే మంచిది.

నేను చెప్పేది 1/24 సైజు యాక్సియల్ ఎస్‌సీఎక్స్24, 1/18 సైజు ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4ఎమ్ లాంటి బుల్లి బండ్ల సంగతి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య 135 మిల్లీమీటర్లు, చక్రం తిరిగేది 40 డిగ్రీలు అనుకోండి. ముందువి మాత్రమే తిరిగితే మలుపు వ్యాసార్ధం దాదాపు 160 మిల్లీమీటర్లు వస్తుంది. నాలుగూ తిరిగితే 80. సరిగ్గా సగం. ఎంత మంచి మోటారు వేసినా, ఎంత మెత్తటి టైరు తొడిగినా ఈ సగం దొరకదు.

ఇది ఆటబొమ్మల వాళ్ళు కనిపెట్టిన విద్య కాదు. 1987లో హోండా ప్రెల్యూడ్ కారులో వెనక చక్రాలు స్టీరింగ్ కొద్దిగా తిప్పితే ముందు వాటితో పాటు ఒకే వైపుకి, బాగా తిప్పితే ఎదురు వైపుకి తిరిగేవి, అదీ కంప్యూటర్ లేకుండా గేర్లతోనే. అంతదాకా ఎందుకు, ఎన్‌హెచ్-16 మీద అప్పుడప్పుడు భారీ యంత్రాల్ని మోసుకెళ్ళే పొడుగాటి హైడ్రాలిక్ ట్రైలర్ కనిపిస్తే దాని చక్రాలు చూడండి. ఒక్కో వరుస ఒక్కో కోణంలో తిరుగుతూ ఉంటుంది.

ఇక పనిలోకి. వెనక యాక్సిల్లో చక్రాలు తిరగడానికి వీల్లేదు, లోపల ఉండేవి తిన్నటి కడ్డీలు. అందుకని ఇంకో ముందు యాక్సిల్ కొని, దాన్ని వెనక్కి తిప్పి బిగించాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, చక్రాలు ఎదురు తిరుగుతాయేమో, బండి తనతో తనే పెనుగులాడుతుందేమో అని. గేర్‌బాక్స్‌లోంచి రెండు వైపులకీ వచ్చేది ఒకే షాఫ్టు అయితే ఆ భయం అక్కర్లేదు. యాక్సిల్‌ని వెనక్కి తిప్పినప్పుడు లోపలికొచ్చే తిరుగుడూ తారుమారవుతుంది, చక్రాలకి వెళ్ళే తిరుగుడూ తారుమారవుతుంది. రెండు తారుమార్లూ కలిసి సరిపోతాయి. నమ్మకం కుదరకపోతే బండిని ఎత్తి పట్టుకుని ఒక ముందు చక్రాన్ని వేలితో తిప్పండి, వెనకవి ఎటు తిరుగుతున్నాయో కళ్ళకే కనిపిస్తుంది. లింకులు తగిలించే చెవులు కుదురుతాయో లేదో మాత్రం కొనేముందే చూసుకోవాలి.

చక్రాల్ని పక్కకి తిప్పే చిన్న మోటారే సర్వో. దాని విషయంలో నా సలహా వింటే పాతకాపులు తల పట్టుకుంటారు. వెనక్కి ఇత్తడి గేర్ల సర్వో వద్దు, ఎస్‌జీ90 చాలు. ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టుల్లో కనబడే ఆ నీలం ప్లాస్టిక్ డబ్బాయే. బరువు 9 గ్రాములు, 4.8 వోల్టుల దగ్గర బలం 1.8 కిలో-సెంటీమీటర్లు. లోహపు గేర్ల ఎంజీ90ఎస్ 13 గ్రాములు దాటుతుంది, ఆ వోల్టేజీలో బలం మాత్రం దాదాపు అంతే. వెనక చక్రం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని మీరు స్టీరింగ్ బలవంతంగా తిప్పినప్పుడు ఏదో ఒకటి విరగాలి. చక్రాన్ని పట్టుకుని తిరిగే నకిల్ విరిగితే దాని కోసం పార్సిల్ వచ్చేదాకా కూర్చోవాలి. ఎస్‌జీ90 పళ్ళు రాలితే మర్నాడు పొద్దున్నే ఇంకోటి తెచ్చుకోవచ్చు. ముందు సర్వోకి ఎంత ఖర్చయినా పెట్టండి. వెనకది ఇంట్లో ఫ్యూజులాంటిదే, అది బలహీనంగా ఉండటమే దాని ఉద్యోగం.

దాన్ని నిలబెట్టే పీటకి త్రీడీ ప్రింటింగ్, అల్యూమినియం ఏవీ అక్కర్లేదు. మన అనకాపల్లి జిల్లాలోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్క బొమ్మలకి వాడే అంకుడు కర్ర తేలిక, మెత్తన, చాకుతో చెక్కినా పెచ్చులు లేవకుండా మాట వింటుంది. చిన్న ముక్క సంపాదించి సర్వో కొలతకి గాడి తీసి, ముందుగా సన్నటి బెజ్జాలు వేసి మర బిగించండి. ప్రింటు చేసిన పీట అర మిల్లీమీటరు తేడా వస్తే మళ్ళీ ప్రింటు చేయాలి. కర్రని గరుకు కాగితంతో అక్కడికక్కడే సరిచేయొచ్చు. ఎండిన కర్రే తీసుకోండి, పచ్చిది ఆరాక ముడుచుకుంటుంది.

వెనక సర్వోని విడిగా నడిపే మూడో చానెల్, మిక్సింగ్ ఉన్న ట్రాన్స్‌మిటర్ ఇప్పుడే కొనొద్దు. రిసీవర్‌లో స్టీరింగ్ చోటు నుంచి వై-వైరుతో రెండు సర్వోలకీ ఒకే సంకేతం పంపండి. కొన్ని చవక బండ్ల సర్వోకి ఐదు వైర్లుంటాయి, వాటితో ఇది కుదరదు. మూడు వైర్లయితే హాయిగా కుదురుతుంది. అయితే ముందున్న అమరికనే యథాతథంగా వెనక్కి తిప్పి పెట్టారు కాబట్టి నాలుగు చక్రాలూ ఒకే వైపుకి తిరుగుతాయి, బండి పీతలా ఏటవాలుగా నడుస్తుంది. తప్పు బిగించామని వెంటనే విప్పేస్తారు చాలామంది. విప్పకండి. ముందు ఆ పీత నడకే నేర్చుకోండి. ఏటవాలు గట్టు మీద బండి కిందికి జారుతున్నప్పుడు మూతి తిప్పకుండా పక్కకి పైకి జరగడం దీనితోనే సాధ్యం. ముందు చక్రాలతోనే పైకి తిప్పబోతే తోక ఇంకా కిందికి దిగిపోయి బండి దొర్లుతుంది. పీత నడక చేతికొచ్చాకే సర్వోని తిరగేసి బిగించి ఎదురు మలుపు మొదలెట్టండి. రెండూ ఒకే బండిలో కావాలనిపించిన రోజున మూడో చానెల్ కొనండి, అప్పుడది దండగ కాదు.

ఒక్క విషయంలో మాత్రం అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. రెండు సర్వోలూ ఒకేసారి ఇరుక్కుంటే కరెంటు ఎక్కువ లాగుతాయి, వోల్టేజీ పడిపోయి రిసీవర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. బండి కొండ మధ్యలో చచ్చిపోయినట్టు నిలబడుతుంది. సర్వోలకి విడిగా 5 వోల్టులు అందించే బీఈసీ అనే చిన్న సర్క్యూట్ పెట్టండి. బ్యాటరీని కూడా ముందుకి జరపండి, ఎక్కేటప్పుడు బరువు ముందుండాలి.

ఎక్కడ నడపాలి? క్రాలర్ అనగానే రాళ్ళంటారు. శంకరం పక్కన బొజ్జన్నకొండ, లింగాలకొండ చూసి ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. అక్కడ ఉన్నది రాతిలో తొలిచిన బౌద్ధ స్తూపాలు, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. బండి సంచిలోంచి తీయొద్దు. శారదా నది ఇసుకా వద్దు, గేర్లు నమిలేస్తుంది.

నేను పంపేది చెరకు చేలోకి. గడ నరికాక సాళ్ళలో మోళ్ళు మిగులుతాయి, రెండు మూడు అడుగులకో సాలు. ఒక్కో సాలులో మోడుకీ మోడుకీ మధ్య సందు ఈ బండి పట్టేంత, కొన్నిచోట్ల అంతకన్నా ఇరుకు. రాతి మీద వెనక స్టీరింగ్ ఎప్పుడో గాని అవసరం రాదు. ఇక్కడ అడుగడుగునా కావాలి. సాలు పొడవునా మోళ్ళ చుట్టూ కుడీ ఎడమా తిప్పుతూ, ఒక్కదాన్నీ తాకకుండా బయటికి తీసుకురాగలిగితే మీ బండి కుదిరినట్టే. ఎండాకు దట్టంగా ఉన్న సాలు వదిలేయండి. పీచు నకిల్ లోపల కీళ్ళకి చుట్టుకుంటుంది, చిన్న చిమటాతో లాగినా సగం లోపలే ఉండిపోతుంది.

రైతుని అడిగే దిగాలి. మోళ్ళ నుంచే మళ్ళీ పెరిగే కార్శి తోట ఉంచుకునే ఆయనైతే మోళ్ళు చెక్కి తడి పెట్టేలోపే వెళ్ళిరండి. పిలకలు లేచాయంటే ఆ చేను ఇక మీది కాదు, వచ్చే ఏడు గానుగల రోజుల దాకా ఆగాల్సిందే.