సగం భార్య, పావు మొగుడు

భార్య అంటే ఎంత? ఈ ప్రశ్న నాది కాదు, పరాయి దేశాలది. పోర్చుగల్‌ను అడిగితే సగం అంటుంది. స్పెయిన్ పావు అంటుంది. గ్రీసు మరీ పిసినారి, ఐదో వంతు దగ్గరే ఆగిపోయింది. పరమశివుడు సగం దేహం ఇచ్చేసినప్పుడు ఆయన్ని బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగినవాళ్ళు లేరు గనక ఆ లెక్క ఎవరూ సరిచూడలేదు. అరవై దాటాక, కాళ్ళూ కీళ్ళూ మాట వింటుండగానే ఏదో ఒక సముద్రతీరానికి చెక్కేద్దామనుకునే దంపతులు మాత్రం ఈ భిన్నాలు మళ్ళీ నేర్చుకోక తప్పదు.

పోర్చుగల్ వారి డీ7 వీసాకు కావలసింది పని చేయకుండా వచ్చే ఆదాయం. పింఛనో, అద్దో, వడ్డీయో, ఏదైనా సరే, అక్కడి కనీస వేతనానికి తగ్గకూడదు. 2025లో అది నెలకు 870 యూరోలు. జీవిత భాగస్వామి వెంట వస్తే మరో 50 శాతం, అంటే 435. స్పెయిన్‌లో నెలకు 600 యూరోల సూచిక ఒకటి పెట్టుకున్నారు. అసలు దరఖాస్తుదారు దానికి నాలుగు రెట్లు చూపాలి, వెంట వచ్చేవారికి ఒక్క రెట్టు చాలు. గ్రీసులో 3,500 యూరోలు, భాగస్వామికి పైన 20 శాతం. పనామాలో జీవితాంతం వచ్చే వెయ్యి డాలర్ల పింఛను, తోడుకు 250. ఫిలిప్పీన్స్ చాలాకాలం పింఛనుదారు ఒంటరైతే నెలకు 800 డాలర్లు, జంటైతే 1,000 చాలంటూ వచ్చింది. అంటే మనీలాలో భార్య ఖర్చు నెలకు 200 డాలర్లన్న మాట. ఈ అంకె మీ ఇంట్లో పైకి చదవకండి. వీటిలో కోస్టారికా ఒక్కటే పెద్దమనసు చేసుకుని, ఒకరికి వెయ్యి డాలర్ల పింఛనుంటే రెండోవారికి పైసా చూపనక్కర్లేదంది. అయితే ఇద్దరివీ కలిపితే వెయ్యి అవుతుందంటే మాత్రం ఒప్పుకోదు.

ఇంతా చేసి ఈ నిబంధనల్లో ఎక్కడా భార్య అని రాసి ఉండదు. చదివే మగవాడు అలా చదువుకుంటాడు, అంతే. మా ఎదురింటాయన బోల్తా పడింది అక్కడే.

ఆయన ఓ ప్రైవేటు కంపెనీలో జనరల్ మేనేజరుగా రిటైరయ్యారు. కారు, డ్రైవరు, ఏసీ గది కంపెనీతోనే పోగా చేతిలో మిగిలినవి పీఎఫ్ డబ్బు, పైకి చెప్పుకోలేని ఈపీఎస్ పింఛను. ఎంత పెద్ద హోదా అయినా ఈపీఎస్ లెక్క 15 వేల జీతం దగ్గర తల కొట్టుకుంటుంది గనక ఆయనకు వచ్చేది ఎనిమిది వేల లోపే. శ్రీమతి గారు జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. నిండు పింఛను ఆవిడది. పై వాటాల అద్దె కూడా ఆవిడదే, ఎందుకంటే ఇన్‌కమ్ టాక్స్‌కు జడిసి ఆ స్థలం ఎప్పుడో ఆవిడ పేరున కొన్నది ఈయనే.

పోర్చుగల్ ఫారం తెరిచి మొదటి గడిలో ఆయన తన పేరు కొట్టారు. కన్సల్టెంటు కుర్రాడు నసిగాడు.

“సార్, మెయిన్ అప్లికెంట్ మేడమ్ గారవుతారండీ. మీరు డిపెండెంట్.”

“అంటే నేను సగమా?”

“యాభై శాతమండీ. స్పెయిన్ అయితే పావు.”

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి, “పోనీ స్పెయినే చూడు బాబూ” అన్నారు.

2013 నాటి ఆహార భద్రత చట్టం రేషన్ కార్డులో ఇంటి పెద్దగా ఆ ఇంట్లోని పెద్దావిడ పేరే రాయమంది. తెల్లకార్డువాళ్ళకు ఎప్పుడో అలవాటైపోయిన ఈ సంగతి మా జీఎం గారికి లిస్బన్ చెబితే గాని తెలియలేదు.

నిజానికి మనకీ వీసా కొత్తది కాదు. మనుస్మృతి ఆరో అధ్యాయం వానప్రస్థానికి అర్హతలు చెప్పింది. ఒంటి మీద ముడతలు, తలలో తెలుపు, ఇంట్లో మనవడు. మూడూ కంటికి కనబడేవే, నోటరీ అక్కర్లేదు. భార్య సంగతి కూడా అక్కడే తేల్చేసింది. కొడుకులకు అప్పగించి వెళ్ళు, లేదా వెంటబెట్టుకుని వెళ్ళు. ఆవిడ ఇష్టం కనుక్కోమని మాత్రం అనలేదు. వీసా ఫారం కాస్త నయం, కనీసం సంతకం అడుగుతుంది.

పావుగా బతకడం ఇష్టంలేక ఎదురింటాయన నెలసరి ఆదాయం కాకుండా డిపాజిట్ చూసే దేశం వెతికారు. థాయిలాండ్ దొరికింది. యాభై ఏళ్ళు నిండి, అక్కడి బ్యాంకులో ఎనిమిది లక్షలుంటే చాలట. ఎనిమిది లక్షలు అనగానే వికసించిన మొహం, అవి రూపాయలు కావు బాత్‌లని తెలిశాక కొంచెం ముడుచుకుంది. మన డబ్బులో ఇరవై లక్షల పైమాటే. అయినా పీఎఫ్ ఉంది. పైగా భార్య డిపెండెంట్‌గా వస్తే ఆవిడకు విడిగా డిపాజిట్ అక్కర్లేదు. ఆయన మళ్ళీ పూర్ణసంఖ్య అయ్యారు.

ఆ డబ్బు అర్జీ పెట్టడానికి రెండు నెలల ముందు నుంచీ అక్కడ పడి ఉండాలి. ఏడాది పొడిగింపు వచ్చాక మరో మూడు నెలలు కదలకూడదు. ఆ తర్వాత వాడుకోవచ్చు గాని నాలుగు లక్షలకు దిగకూడదు. మన డబ్బే, చూడ్డానికి మాత్రమే ఇస్తారు. దంపతులు ఇంట్లో దిగిన ఇరవైనాలుగు గంటల్లో ఇంటి యజమాని ఇమ్మిగ్రేషన్‌కు కబురు పెట్టాలి. తొంభై రోజులకోసారి వీళ్ళు తమ చిరునామా చెప్పుకోవాలి. మన ట్రెజరీకి ఏటా బతికున్నామని, బ్యాంకాక్‌కు మూడు నెలలకోసారి ఇక్కడే ఉన్నామని. మనవడి బారసాలకు హైదరాబాద్ రావాలంటే ముందుగా రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. ఒక్కసారికైతే వెయ్యి బాత్‌లు, ఎన్నిసార్లయినా అంటే 3,800. తీసుకోకుండా విమానం ఎక్కారా, ఆ పొడిగింపు అక్కడికక్కడే రద్దు. బారసాల ఫొటోలతో పాటు వీసా పని కూడా మళ్ళీ మొదటినుంచీ.

ఇవన్నీ ఆయన ఉత్సాహంగానే విన్నారు. నలభై ఏళ్ళు జవాబు పత్రాలు దిద్దిన ఆవిడ మాత్రం ఒకే ప్రశ్న వేశారు.

“ఈయనకేమైనా అయితే?”

కుర్రాడు కంప్యూటర్ వైపు చూస్తూ చెప్పాడు. డిపెండెంట్ హోదా అసలు దరఖాస్తుదారు ఉన్నంతవరకే. ఆయన పోతే ఆవిడ అక్కడ ఉండటానికి ఆధారం పోయినట్టే. తన పేరున ఎనిమిది లక్షలు చూపి సొంతంగా అర్జీ పెట్టుకోవచ్చు. అయితే ఉన్న ఎనిమిది లక్షలూ ఆయన పేరునే ఉంటాయి, ఖాతాదారు పోగానే బ్యాంకు ఆ ఖాతాను బిగిస్తుంది, తీయాలంటే థాయి కోర్టు ఒక నిర్వాహకుణ్ణి నియమించాలి.

పసుపు, కుంకుమ, గాజులు, వీసా. మన పెద్దలు కూడా ఇంత దూరం ఆలోచించలేదు.

మలేషియా సంగతి కూడా చూశారు గాని ఎక్కువసేపు కాదు. 2002లో మొదలైన ‘మలేషియా మై సెకండ్ హోమ్’ పథకానికి 2021లో నెలకు 40 వేల రింగిట్ల ఆదాయం, పది లక్షల రింగిట్ల డిపాజిట్ అన్నారు. జనం రావడం మానేశారు. 2024కల్లా నగల దుకాణం బోర్డులాగా సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు రకాలు పెట్టారు. ఈ మూడింటిలో చవకైన వెండికే లక్షా యాభై వేల డాలర్ల డిపాజిట్, పైగా అక్కడ ఇల్లు కొనాలి. ‘రెండో ఇల్లు’ కొనాలంటే మొదటి ఇల్లు అమ్ముకోవాలని మా వీధిలో అందరికీ అర్థమైంది.

టీచరమ్మ గారికి ఈ మొత్తం వ్యవహారంలో నచ్చిన నిబంధన ఒక్కటే. చాలా దేశాల రిటైర్మెంట్ వీసాల మీద పని చేయకూడదు. “వంట కూడా పని కిందికే వస్తుందా బాబూ?” అని ఆవిడ రెండుసార్లు అడిగారు. ఇండోనేషియా వీసాకు అక్కడివాళ్ళనే ఇంటిపనికి పెట్టుకుంటామని హామీ రాసివ్వాలనే షరతు ఉండేదని తెలిశాక ఆవిడకు బాలి మీద అమాంతం గౌరవం పెరిగింది. ఆయన మాత్రం ఆ పేజీ దాటేశారు.

అమెరికాకు రిటైర్మెంట్ వీసా అనేదే లేదు. బ్రిటన్ తనది 2008లో మూసేసింది, ఆస్ట్రేలియా 2018లో. అయినా తెలుగువాళ్ళకు ఆ లోటేమీ తెలియదు. మన రిటైర్మెంట్ వీసా పేరు బీ-2, మామూలుగా ఆరు నెలల గడువు. కోడలి పురుడుకు అత్తగారు, కూతురి పురుడుకు అమ్మ వంతులు వేసుకుని వెళ్తారు. దాని మీద కూడా పని చేయకూడదనే ఉంది. తెల్లవారుజామున లేచి పసిపిల్లకు పాలు కలపడం, కొడుకు డబ్బాలో పప్పన్నం సర్దడం ఏ లేబర్ చట్టంలోనూ పని కాదు గనక ఎవరికీ ఇబ్బంది రాలేదు. కెనడా మరింత ఉదారంగా 2022 నుంచి సూపర్ వీసా మీద తల్లిదండ్రులను ఒక్క విడతలో ఐదేళ్ళు ఉండనిస్తోంది. ఐదేళ్ళంటే పిల్ల బడికి వెళ్ళేదాకా అన్నమాట.

ఎవరు సగమో, ఎవరు పావో తేలేలోపు మరో చిక్కు వచ్చింది. వీళ్ళిద్దరూ అసలు మొగుడూ పెళ్ళాలేనా? పెళ్ళిపందిట్లో అయిదువందల మంది సాక్షిగా అయిన పెళ్ళి. భోజనాల దగ్గర గొడవ కూడా జరిగింది, బంధువులకు ఇప్పటికీ గుర్తే. కానీ కాగితం లేదు. పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి అంటూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 2002లో. అప్పటికి వీళ్ళ పిల్లలు కాలేజీలో ఉన్నారు. ఇప్పుడు శుభలేఖ లేదు, ఆల్బమ్ చెదలు తినేసింది, పురోహితుడు కాలం చేశాడు. సర్టిఫికెట్ చేతికొచ్చాక కూడా అది నిజమైనదేనని విదేశాంగ శాఖ ముద్ర వేయాలి. ఇక పేర్లు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఆవిడది పుట్టింటి ఇంటిపేరు, సర్వీసు రిజిస్టరులో పొడి అక్షరాలు, పాస్‌పోర్టులో అత్తింటి పేరు. ముగ్గురూ ఒక్కరేనని అఫిడవిట్ రాయించారు. ఒక్క భార్యతోనే వేగలేకపోతున్నానని ఆయన హాస్యమాడబోయారు గాని నోటరీ కూడా నవ్వలేదు.

ఈ లెక్కలన్నిటిలో ఆవిడను నిండు మనిషిగా గుర్తించింది మన రిజర్వు బ్యాంకే. విదేశాలకు డబ్బు పంపుకునే పరిమితి ఏడాదికి తలకు రెండున్నర లక్షల డాలర్లు. భార్యకు సగం, పావు అనే భేదం లేదు. ఇలా పంపేది ఆర్థిక సంవత్సరంలో పది లక్షల రూపాయలు దాటితే, దాటినదాని మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందే పట్టుకుంటుంది. రిటర్న్ వేశాక సర్దుబాటు చేసుకోవాలి. ఈ పది లక్షలు కూడా ఎవరివి వాళ్ళకే. పన్ను దగ్గరకు వచ్చేసరికి దాంపత్యంలో సమానత్వం ఎంత చక్కగా కుదిరిందో చూడండి.

చివరికి ఆవిడ తీర్పు చెప్పారు. వెళ్తే థాయిలాండ్, కానీ ఇద్దరూ విడివిడిగా, ఎవరి పేరున వారికి ఎనిమిది లక్షల బాత్‌లు. ఖర్చు రెట్టింపు కదా అని ఆయన గొణిగారు. ఇద్దరం మనుషులం కదా అని ఆవిడ అన్నారు. నా ఓటు ఆవిడకే.

ఇలాంటి ఆలోచనలో ఉన్న పాఠకులకు ఓ మనవి. ముందు మీ పెళ్ళిని రిజిస్టర్ చేయించుకోండి, కాగితాలన్నిటిలో ఇద్దరి పేర్లూ ఒక్కలాగే ఉండేట్టు చూసుకోండి. ఏ దేశపు వీసా అయినా సరే, అసలు దరఖాస్తుదారు చనిపోతే రెండోవారి గతేమిటో చెప్పే పేరా వెతికి దాన్నే మొదట చదవండి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. బీచ్ ఫొటోలు తర్వాత చూడొచ్చు.