సొంత జెట్టు, ఒంటి పైలట్టు: కొన్ని చిట్కాలు

చేతిలో డబ్బు ఆడుతోంది. ప్రాక్టీసో కంపెనీయో బాగా నడుస్తోంది. అమెరికాలో ఊరికో చిన్న ఎయిర్‌పోర్టు ఉండనే ఉంది. ఇంకా ఆలోచన దేనికి? సైటేషన్ సీజే, ఫీనమ్ 100, సైరస్ విజన్ జెట్ లాంటివి ఒక్కరే నడుపుకోవచ్చని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ కాగితం రాసిచ్చింది. ఆ మోడల్ నడిపే అనుమతి, అంటే టైప్ రేటింగ్ ఒకటి తెచ్చుకుంటే మీరే కెప్టెను, మీరే కో-పైలటు, మీరే ఓనరు. ఈ ముగ్గురి మధ్య గొడవలు రావు.

ముందుగా ఆ కుడి సీటు సంగతి తేల్చుకుందాం. కో-పైలట్‌ని పెట్టుకుంటే జీతం ఒకటి, హోటలు గది ఒకటి. అవి పోతే పోయాయి, వాడికి నోరుంటుంది. "సార్, స్పీడు పడిపోతోంది" అంటాడు. "ఈ రాత్రికి ఆగిపోదామా" అని కూడా అంటాడు. సొంత సొమ్ము పోసి కొన్న విమానంలో ఈ సణుగుడు మనకెందుకు? ఆ సీట్లో ల్యాప్‌టాప్ బ్యాగు పెట్టి బెల్టు బిగించండి. అది ఎదురు చెప్పదు.

తర్వాత విమానానికి మంచి నంబరు. న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు కెప్టెన్ థర్మన్ మన్సన్ తన జెర్సీ మీది 15 కలిసొచ్చేలా సైటేషన్‌కు ఎన్15ఎన్‌వై అని తెచ్చుకున్నాడు, మనవాళ్లు 9999 కోసం ఆర్టీవో ఆఫీసులో వేలం పాడినట్టు. కొని నెల కూడా తిరగలేదు. 1979 ఆగస్టు 2న ఒహాయోలోని ఏక్రన్-క్యాంటన్ ఎయిర్‌పోర్టులో ల్యాండింగులు ప్రాక్టీసు చేస్తూ ఫ్లాప్స్ దించలేదు, స్పీడు కాపాడుకోలేదు. జెట్టు రన్‌వేకి ఇవతలే పడింది. ఆయన పోయాడు, వెంట ఉన్న ఇద్దరూ బయటపడ్డారు. ఆ ఇద్దరికీ విమానం నడపడం వచ్చు, కానీ కో-పైలట్ డ్యూటీ ఇద్దరిదీ కాదు. మనం ఇందులోంచి నంబరు ఐడియా ఒక్కటే తీసుకుందాం.

మంచు స్విచ్ గురించి మాత్రం కాస్త తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే అసలు తెలివి ఇక్కడే ఉంది. ఫీనమ్ 100 రెక్కల ముందంచుకూ తోక అంచుకూ రబ్బరు తొడుగులుంటాయి. స్విచ్ వేస్తే అవి గాలికి ఉబ్బి, పేరుకున్న మంచును పగలగొడతాయి. వినడానికి బాగానే ఉంది. కానీ రెక్క మీద మంచుంటే విమానం ఎక్కువ స్పీడుతో దిగాలి కనుక, స్విచ్ వేసినప్పుడు వాడాల్సిన లెక్కలు వేరు. ల్యాండింగ్ స్పీడు పెరుగుతుంది, రన్‌వే చాలా పొడుగ్గా కావాలి. మీరు దిగబోయే ఊళ్లో ఉన్నది 4,202 అడుగులే. వేయకపోతే? అంకెలన్నీ ముచ్చటగా సరిపోతాయి. పైగా రెక్కలు గాలి మీద పట్టు తప్పే ముందు మోగే స్టాల్ హెచ్చరిక కూడా ఆ స్విచ్‌తో ముడిపడి ఉంది. వేస్తే ముందుగానే అరుస్తుంది. వేయకపోతే కాక్‌పిట్ చివరిదాకా ప్రశాంతంగా ఉంటుంది. 2014 డిసెంబరు 8న మేరీలాండ్‌లోని గెయిథర్స్‌బర్గ్‌లో దిగబోయిన ఫీనమ్‌లో ఆ స్విచ్ వేయలేదని దర్యాప్తు తేల్చింది. రన్‌వే మైలు దూరం కూడా లేదు. విమానంలో ఉన్నవాళ్లు ముగ్గురు. అది పడ్డ ఇంట్లో ఒక తల్లి, ఇద్దరు కొడుకులు.

ఆక్సిజన్ మాస్కు: 35,000 అడుగులు దాటి ఒక్కరే నడుపుతుంటే అది మొహానికి పెట్టుకునే ఉండాలని రూలు. బుగ్గల మీద అచ్చు పడుతుంది, కాఫీ తాగడానికి ఉండదు. 41,000 అడుగుల్లో క్యాబిన్ గాలి ఒక్కసారిగా పోతే మీకు తెలివి నిలిచేది కొద్ది సెకన్లేనట. మాస్కు ఎక్కడుందో గుర్తు తెచ్చుకోవడానికి అంత టైము చాలదూ! అసలు ఉందో లేదో చూడటం మెకానిక్ పని. 2023 జూన్ 4న టెన్నెసీలో బయల్దేరిన ఒక సైటేషన్‌లో పైలట్ మాస్కు లేదని అంతకు ముందే మెయింటెనెన్స్ వాళ్లు రాసిపెట్టారు. ఆ జెట్టు లాంగ్ ఐలండ్ దాకా వెళ్లింది, దిగకుండా తిరిగింది, వాషింగ్టన్ మీదుగా పోయింది. ఎఫ్-16లు దాన్ని అందుకోవడానికి వెళ్లిన వేగానికి రాజధానిలో కిటికీలు అదిరాయి. లోపల పలికేవాళ్లు లేరు. వర్జీనియా కొండల్లో కూలింది.

పాత జెట్టు చిన్నదైపోయిందా, పెద్దదానికి మారండి. వేళ్లకు పాత బటన్లు అలవాటై ఉన్నా ఫరవాలేదు. రాత్రిపూట, రోజంతా తిరిగి అలిసి ఉన్నప్పుడు, సరస్సు మీదికి టేకాఫ్ చేయండి. 2016 డిసెంబరు 29న క్లీవ్‌లాండ్‌లో మస్టాంగ్ అనే చిన్న జెట్టు నుంచి సీజే4కు మారిన ఓనరు అలాగే లేచాడు. ఆటోపైలట్ స్విచ్ పడిందనుకున్నాడని దర్యాప్తువాళ్ల అంచనా. అది పడలేదు. ఆరుగురితో జెట్టు ఈరీ సరస్సులోకి దిగిపోయింది. పక్కన ఎవడైనా ఉండుంటే "ఆటోపైలట్ పడలేదండీ" అని ఇంటిల్లిపాది ముందు పరువు తీసేవాడు.

ఇన్సూరెన్సువాళ్లు అనుభవమున్న పైలట్‌ని కొన్ని గంటలు పక్కన పెట్టుకుని తిరగమంటారు. ఆ గంటలు ఎండ కాసే రోజుల్లో, మీకు బాగా తెలిసిన ఊళ్లకు తిరిగి పూర్తి చేయండి. వానలూ మంచూ ఆయన వెళ్లిపోయాక చూసుకోవచ్చు.

ఇక విజన్ జెట్ కొన్నవారికి ఒక మాట. పైలట్‌కు ఏమైనా అయితే ప్రయాణికులు నొక్కడానికి సీలింగులో ఒక బటన్ పెట్టారు. నొక్కితే విమానం తనంతట తానే దగ్గర్లోని ఎయిర్‌పోర్టు వెతుక్కుని దిగి ఆగుతుంది. దాని సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పకండి. మీరు లేకపోయినా పని జరుగుతుందని తెలిస్తే లోకువైపోతారు. మీ ఆవిడ అడిగితే లైటు స్విచ్ అనండి.