తూనికలు, కొలతల శాఖ వారికి పూర్ణా మార్కెట్ నుంచి ఒక అర్జీ

అయ్యా,

విశాఖ పూర్ణా మార్కెట్లో కాటాకు మీ ముద్ర లేకపోతే జరిమానా. పప్పు ప్యాకెట్‌ మీద తయారీదారు చిరునామా, నికర బరువు, ధర, తేదీ లేకపోతే కేసు. ఇక్కడి వర్తకులకు దీనిమీద పేచీ ఏమీ లేదు. ఇన్‌స్పెక్టరు గారు ఒక్కసారి పార్టీల మేనిఫెస్టోలను కూడా తనిఖీ చేయాలన్నదే వారి కోరిక.

2024 ఏప్రిల్ 30న తెలుగుదేశం, జనసేన ఉమ్మడి మేనిఫెస్టో విడుదలైంది. వేదిక మీద పొత్తులో ఉన్న బీజేపీ నేత సిద్ధార్థనాథ్ సింగ్ ఉన్నారు, ప్రతిని మాత్రం చేత్తో పట్టుకోలేదు. అట్ట మీద మోదీ బొమ్మా లేదు. ఓట్లడిగింది ముగ్గురు, పూచీ పడింది ఇద్దరు!

ఇక ఉక్కు సంగతి. విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా అమ్మకానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా సరేనంది. మరుసటి నెలలోనే తెలుగుదేశం నాయకుడు పల్లా శ్రీనివాసరావు అమ్మకం వద్దంటూ నిరాహార దీక్షకు కూర్చున్నారు. మూడేళ్లు తిరిగేసరికి బీజేపీ కూడా ఉన్న కూటమి తరఫున గాజువాకలో ఆయనే 95,235 ఓట్ల మెజారిటీతో గెలిచారు. రాష్ట్రంలో అదే అత్యధికం. ఆ ఓట్లు దీక్షకు పడ్డాయా, పొత్తుకు పడ్డాయా? తూచే కాటా ఎవరి దగ్గరా లేదు.

తేల్చకపోవడంలోనే అందరికీ సుఖం. 2024 జూన్ 4న లోక్‌సభ ఫలితాలొచ్చాయి. బీజేపీకి 240, కావలసింది 272, తెలుగుదేశం దగ్గర 16. తొమ్మిదో తేదీకల్లా కేంద్రంలో ప్రమాణ స్వీకారం అయిపోయింది. ఉక్కు మీద ముందే కాగితం రాసుకోవాలంటే అంత తొందరగా తెమిలేదా? 1996లో యునైటెడ్ ఫ్రంట్ కనీసం ఒక ఉమ్మడి కనీస కార్యక్రమమైనా రాసుకుంది. 1998లో ఆ ఫ్రంట్ కన్వీనరు, తెలుగుదేశం అధినేత చంద్రబాబే బీజేపీ మీద పోటీచేసి, ఫలితాల తర్వాత 12 మంది ఎంపీలతో వాజపేయికి బయటినుంచి దన్నుగా నిలిచారు. ఆ పార్టీ ఎంపీ బాలయోగి లోక్‌సభ స్పీకరయ్యారు.

2025 జనవరిలో ఉక్కుకు 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అమ్మకం నిర్ణయం రద్దయిందన్న మాట మాత్రం ఆ ప్రకటనలో లేదు. ఉక్కు విషయంలో తెలుగుదేశం గోడమీద పిల్లిలా ఉండబట్టే పొత్తు కుదిరింది, పొత్తుండబట్టే డబ్బొచ్చింది అనేవారు మార్కెట్లో ఉన్నారు. వారిది కొట్టిపారేసే వాదన కాదు. 2021లో జర్మనీలో మూడు పార్టీలు రెండు నెలలు కూర్చుని 178 పేజీల ఒప్పందం రాసుకున్నా, ఆ కూటమి 2024 నవంబరులో కూలింది. అయితే అక్కడ ఎవరు ఏ పేజీ తప్పారో జనం వేలుపెట్టి చూపించగలరు.

కాబట్టి పొత్తు కుదిరితే ఏ హామీ వదులుకుంటారో మేనిఫెస్టో అట్ట మీద ముద్రించేలా ఆదేశించ ప్రార్థన. ఇది మీ పరిధిలోకి రాదంటే, ఏ శాఖ పరిధిలోకి వస్తుందో రాతపూర్వకంగా తెలుపగలరు.

ఇట్లు,
పూర్ణా మార్కెట్ వర్తకులు, వినియోగదారులు