జేబులో నిమ్మకాయ

మా ఇంట్లో నిమ్మకాయలు లెక్కపెట్టి దాస్తారు. కారణం నేనే. ఎవరింటికి వెళ్లినా అక్కడి బండ సున్నపురాయో కాదో తేల్చుకోనిదే నాకు కాఫీ గొంతు దిగదు.

పద్ధతి తేలికే. కనబడని మూలన బండను కత్తిమొనతో గీస్తాను. గ్రానైట్ అయితే కత్తికే అవమానం. సున్నపురాయైతే గీత పడి, లేతరంగు పొడి రాలుతుంది. దానిమీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, బోర్లా పడుకుని చూస్తే సన్నటి బుడగలు లేస్తాయి. పులుపు తగిలి రాయిలోని కాల్షియం కార్బనేట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ అది. తాండూరు, షాబాదు, బేతంచెర్ల బండలు, వంటగట్టు మీది నల్ల కడప బండ... రంగులు వేరైనా అందరిదీ ఒకే గోత్రం.

ఆమధ్య ఒక గృహప్రవేశంలో గడప పక్కన కూర్చుని నిమ్మకాయ కోస్తుంటే ఒక పెద్దావిడ వచ్చి, "దిష్టి తీయాల్సింది ఇంటివాళ్లు కదా నాయనా, నీకెందుకు శ్రమ?" అంది. నేను ఆవిడకు ఎప్పటిదో సముద్రం కథ మొదలుపెట్టాను. నీటి అడుగున సున్నపు బురద పొరమీద పొర పేరుకుని, పైబరువుకు బిగిసి రాయైందనీ, ఆ పొరల వెంట చీలుతుంది కనుకే గనిలో పలకలు పలకలుగా ఊడి మనకు చవగ్గా దొరుకుతోందనీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, కుంకుమ తెప్పించి, నా నిమ్మచెక్కలకు అద్ది గుమ్మానికి అటూ ఇటూ పెట్టించింది.

నంద్యాల జిల్లా బెలుం గుహల్లో మరీ రెచ్చిపోయాను. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పుల్లబడి, సున్నపురాయిని కరిగించుకుంటూ 3,229 మీటర్ల గుహను తొలిచిన వైనం చెప్పి వెనక్కి తిరిగితే మా పిల్లలు లేరు. ఎవరో పెద్దమనిషి శ్రద్ధగా తలూపుతున్నాడు. ఆయనకు తెలుగు రాదట.

ఈ పాండిత్యం మా ఆవిడ దగ్గర మాత్రం చెల్లదు. "కడప గట్టు మీద నిమ్మకాయ పిండితే మచ్చ పడుతుందని మా అమ్మ చిన్నప్పుడే మొట్టికాయ వేసి మరీ చెప్పిందండీ. దీనికింత చదవాలా?" అంది. మా గట్టు మీది మచ్చలన్నీ నా పరిశోధన ఫలితాలే.

మీ ఇంట్లో ఈ బండలుంటే బాత్‌రూం యాసిడ్ పోసి కడగకండి. పోయిన మెరుపు మళ్లీ రావాలంటే పాలిష్ మిషను రావాల్సిందే. సబ్బునీళ్లు చాలు. నేను వస్తున్నానని కబురందితే మాత్రం కత్తి దాచెయ్యండి.