మంచుపెచ్చు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. పగలు కరిగి రాత్రి బిగిసిన మంచుపై
నడుగు వేయ నోర్చు, నంతలోన
ముక్కలగుచు విరిగి మోకాలు మింగురా
పైకి గట్టి, లోన పత్తి మూట

టీక: పగలు = ఎండ కాసే వేళ; కరిగి = పైపొర మాత్రమే నీరై (అడుగుదాకా కరిగితే పద్యమే లేదు); రాత్రి = మబ్బులేని రాత్రి, మబ్బుంటే అది దుప్పటిలా వేడిని ఆపి పెచ్చును సరిగా కట్టనివ్వదు; ఓర్చున్ = అరక్షణం భరించును; అంతలోన = బరువంతా ఆ కాలిమీదికి మళ్ళగానే; మోకాలు = ఒక్కటే, రెండోది పైనే ఉండి ఒడ్డున నిలిచిన బంధువులా చూచును.

తాత్పర్యం: ఫిన్లాండ్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఈ పెచ్చు మనిషిని మోస్తుంది. అప్పుడు బాటతో పనిలేదు. చిత్తడినేల, గడ్డకట్టిన సరస్సు, పొలం, దేనిమీదనైనా స్కీలపై సాగిపోవచ్చు. ఎండెక్కితే అదే పెచ్చు మాట తప్పుతుంది. కవి చెప్పింది మధ్యాహ్నం సంగతని గ్రహించాలి.

శంక: ఇంతకీ ఆ మోకాలెవరిది?

సమాధానం: మనిషిదనేవారు మొదటి పాదం దగ్గరే పుస్తకం మూసినవారు. మూస్ అనే పెద్ద దుప్పిదనడం యుక్తం. దాని బరువంతా ఇరుకు డెక్కలమీద పడి, పెచ్చు పగిలి, కాళ్ళు దిగబడతాయి. వెంటాడే తోడేలు తేలిక, పంజా వెడల్పు. అది పైనే పరుగెత్తుతుంది. వెనుకటి ఉత్తర అమెరికా వేటగాళ్ళూ మంచుచెప్పులు తొడిగి ఈ అదనుకే కాచుకునేవారు. పెచ్చు పక్షపాతి అని ధ్వని.

దోషం: 'విరిగి' అనడంలో కవి తొందరపడ్డాడు. సైబీరియాలోని యమల్ ద్వీపకల్పంలో నేనెత్స్ పశుపాలకుల రెయిన్‌డీర్లు డెక్కలతో మంచు తవ్వి అడుగునున్న మేత తింటాయి. 2013 నవంబరులో అక్కడ మంచుమీద వాన కురిసి, వెంటనే గట్టిగా గడ్డకట్టింది. డెక్క దిగలేదు. ఆ చలికాలంలో 61 వేల రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చిపోయాయి. అక్కడ మోకాలు మింగిన పెచ్చు లేదు. విరగని పెచ్చే ప్రాణం తీసింది. పత్తి మూట ఉపమానం కూడా అక్కడ చెల్లదు.

'విరిగి'ని 'విరగక' అని దిద్దుదామంటే మూడో పాదంలో గణం తప్పుతోంది. అందుచేత పద్యాన్ని ముట్టుకోవడం లేదు. చదువరులు ఈ దోషాన్ని కలుపుకుని చదవగలరు.