రెండు నిమిషాలు

2020లో హైదరాబాద్‌లో ఒక పాత ఫియట్ లీనియా టీ-జెట్ కొన్నాను. ఇంట్లో లక్షా ఎనభై వేలని చెప్పాను. ఇచ్చింది రెండు లక్షల అరవై వేలు. తేడా డబ్బు చిట్టీ ఎత్తి కట్టాను. నా తెలివితక్కువతనం గురించి చెప్పాలంటే ఆ అబద్ధం దగ్గరే మొదలుపెట్టాలి.

ఫియట్ అనే మాట మా ఇంట్లో నా చిన్నప్పటినుంచీ ఉంది. మా నాయిన మహబూబ్‌నగర్‌లో ఒక డాక్టరు గారి దగ్గర డ్రైవరు. ఆ డాక్టరు గారి కారు బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని. అయినా పద్మిని అన్నవాళ్లను నేను చూడలేదు, అందరికీ అది ఫియట్టే. పొద్దున బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే కడ్డీ తీసి, పాత బనీను గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూసేదాకా నాయిన తాళం తిప్పేవాడు కాదు.

లీనియా మన దేశంలోకి 2009లో వచ్చింది. పుణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారయ్యేది. మరుసటేడు టర్బో పెట్రోల్ ఇంజన్‌తో టీ-జెట్ వచ్చింది. 1368 సీసీ, 114 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. 2019లో ఫియట్ ఇక్కడ కార్ల అమ్మకం ఆపేసింది, దాంతో పాత బండ్ల ధరలు పడిపోయాయి. నేను మురిసిపోయాను. స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్నది ఫియట్ ఇంజనే, అచ్చంపేటలో దాన్ని విప్పని మెకానిక్ లేడు, ఇంక సామాన్లకు కొదవేముంటుంది అనుకున్నాను. ఆ డీజిల్ ఇంజన్ వేరు, నా టర్బో పెట్రోల్ వేరు. ఒక్క మెకానిక్‌ను అడిగినా చెప్పేవాడు. అడగలేదు, వద్దంటాడని భయం.

అచ్చంపేట నుంచి ఇంటికొస్తూ హాజీపూర్ దాటి మన్ననూరు ఘాటు ఎక్కుతుంటే రెండు వేల ఆర్‌పీఎం దగ్గర ఎవరో వెనకనుంచి నెట్టినట్టు ముందుకు దూకేది. ఆ ఊపు కోసమే పని లేకున్నా అచ్చంపేట పోయి వచ్చిన రోజులున్నాయి. ఇక శ్రీశైలం నుంచి తిరుగు ప్రయాణాలు. రాత్రి తొమ్మిదికి అడవి దారి మూసేస్తారు. బయలుదేరడం ఆలస్యం చేసేవాణ్ని, ఆ ఆలస్యాన్ని అడవిలో పూడ్చుకునేవాణ్ని. అది పులుల అభయారణ్యం, నెమ్మదిగా పొమ్మని అడుగడుగునా బోర్డులున్నాయి. వటవర్లపల్లి దాటాక ఒక రాత్రి మూలమలుపులో చుక్కల దుప్పి లైట్ల వెలుగులో నిలబడిపోయింది. బ్రేకులు పట్టాయి కాబట్టి అది బతికింది. ఆ కళ్లు ఇప్పటికీ నన్ను వదలలేదు. అంత జరిగినా, మరుసటి వారం మళ్లీ అట్లాగే వచ్చాను.

అట్లా ఉరికించి, మన్ననూరులో చాయ్ కోసం ఆపి, ఆగీ ఆగంగానే ఇంజన్ బంద్ చేసేవాణ్ని. టర్బో అంటే ఇంజన్ వదిలే వేడి పొగతో తిరిగే చిన్న చక్రం. నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. దాని ఇరుసును కాపాడేది సన్నని ఆయిల్ పొర ఒక్కటే. ఇంజన్ ఆగితే ఆయిల్ రాక ఆగిపోతుంది, ఎర్రగా కాగిన చోట మిగిలిన ఆయిల్ మాడి మసి కడుతుంది. పైగా నేను పోయించింది చౌక ఆయిల్, అదీ మార్చాల్సిన గడువు దాటాక. అన్ని లక్షలు పోసి కొన్నవాణ్ని, ఆయిల్ దగ్గర రెండు వేలకు వెనకాడాను.

అమ్మను అచ్చంపేట ఆసుపత్రిలో చూపించి తెస్తున్న సాయంత్రం, ఘాటు సగంలో ఈల వేసినట్టు సన్నని కూత. వెనక నీలం పొగ. బండిలో బలం పోయింది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రాతికట్ట మీద గంటన్నర కూర్చుంది. ఒక్క మాట అనలేదు. చివరికి గడ్డి ట్రాక్టరొకటి ఆపి ఆమెను ఇంటికి పంపాను.

అచ్చంపేట మెకానిక్ పైపు విప్పి, వేలితో మసి గీకి నాకు చూపించాడు. "సార్, గింత ఉరికొచ్చిన బండిని ఆగంగనే బంద్ జేస్తరా? రెండు నిమిషాలు ఊపిరి తీసుకోనియ్యాలె గద" అన్నాడు.

సామాను పుణె నుంచి రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. అన్నాళ్లూ బండి మా వాకిట్లో ఇప్పచెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని ఉంది, దాని మీద పూలు రాలుతూనే ఉన్నాయి. బిల్లు అరవై ఎనిమిది వేలు. దానికి డబ్బు అడగబోయినప్పుడే చిట్టీ సంగతి కూడా నా భార్యకు చెప్పాల్సి వచ్చింది. చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. "ముందుగాల అడిగితే వద్దనే అంటుంటి. గది తెలిసే నువ్వు చెప్పలే" అంది. అంతకంటే నిజమైన మాట నా గురించి ఎవరూ అనలేదు.

నాయిన గుడ్డ లాంటిదే ఒక పాత బనీను ముక్క ఇప్పుడు డిక్కీలో ఉంది. అడవి దారికి గంట ముందే బయలుదేరుతాను. ఇంటికొచ్చాక అందరూ దిగి లోపలికి పోతారు, నేను స్టీరింగ్ ముందే కూర్చుంటాను. ఇంజన్ మెల్లగా గురగురమంటూ ఉంటుంది. వంటింట్లోంచి ఆమె కేకేస్తుంది, "ఆపినవా?" అని.

"ఇంకో నిమిషం" అంటాను.