పూర్వవైభవం అని రాసిన చేయి

కోటగుళ్ల మీద నేను రాసిన ప్రతి వ్యాసం ‘పూర్వవైభవం తీసుకురావాలి’ అన్న మాటతోనే ముగిసేది. ఎవరికి వినతిపత్రం రాసిచ్చినా అందులో ‘పునరుద్ధరణ’ ఉండాల్సిందే. ఏ స్థితికి తేవాలంటున్నానో ఒక్కనాడూ ఆలోచించలేదు. రాసి ఊరుకుంటే నష్టం కాగితం దాకానే ఉండేది. కానీ ఆ మాటను చేతబట్టుకుని ఒక గుడిని పాడుచేయడంలో నేనూ పాలుపంచుకున్నాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ కోటగుళ్లున్న ఘనపూర్ రైలు ఆగే స్టేషన్ ఘనపూర్ కాదు. భూపాలపల్లి జిల్లాలోది, గణపురం అని కూడా పిలిచే ఊరు. 1199 నుంచి 1262 దాకా ఏలిన కాకతి గణపతిదేవుడి పేరు ఆ ఊరికీ ఉంది, ఊరి చెరువు గణపసముద్రానికీ ఉంది. రాతి ప్రాకారం నడుమ గణపేశ్వరాలయం, దాని చుట్టూ చిన్నా పెద్దా గుళ్లు, మొత్తం 22 అని లెక్క. కొన్ని నిలబడి ఉన్నాయి, కొన్ని ఒరిగాయి, కొన్నింటికి పునాది రాళ్లే మిగిలాయి. రాళ్ల సందుల్లో చెట్లు వేళ్లు దించాయి.

వీటిని పూర్వస్థితికి తేవాలని రాశాను కదా, ఏ పూర్వానికి? గుడి కట్టడం పూర్తయిన నాటికా? 1323లో ఓరుగల్లు పడిపోయిన నాటికా? 1914లో నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడిన నాటికా? పక్కనున్న పాలంపేటలో ఈ ప్రశ్నకు కొంతైనా జవాబు దొరుకుతుంది. అక్కడ రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనం ఉంది. గులాం యజ్దానీ 1922లో అక్కడి గుళ్ల మీద అచ్చువేసిన పుస్తకం ఉంది. పనిచేసేవాళ్లకు అలాంటి ఆధారం చేతిలో ఉండాలి. ఘనపూర్‌లో ఎవరూ బొమ్మ గీయకముందే, ఫోటో తీయకముందే రాలిపోయిన శిల్పానికి ఏ ఆధారం తెస్తాం? ఆధారం ఉన్నదానికీ లేనిదానికీ నేను మాత్రం ఒకే మాట వాడేశాను.

రాతి పనిలోనే జీవితం గడిపిన ఒక పెద్దాయన ఈ తేడాను నాకు నాలుగు ముక్కల్లో చెప్పాడు. “రాయి జరిగితే మల్ల ఆన్నే పెట్టొచ్చు సారూ. చెక్కుడు పోతే పోయినట్టే. నేను చెక్కుత, గానీ అది నా చెక్కుడైతది, వాళ్లది గాదు.” అప్పుడు తల ఊపాను. అర్థం చేసుకుని ఉంటే తర్వాతి పని చేసేవాణ్ని కాదు.

మా ఊళ్లో పాత రాతి శివాలయం ఒకటుంది. దాన్ని బాగుచేద్దామని పెద్దలు కమిటీ వేసుకున్నప్పుడు చందాల కరపత్రం రాసింది నేనే. ‘కాకతీయుల నాటి గుడికి పూర్వవైభవం’ అని పైన పెద్దక్షరాలతో వేయించాను. ఆ మాటకు జనం కదిలి తలా ఇంత ఇచ్చారు. ఆ డబ్బుతో నేలకు టైల్స్ పరిచారు, స్తంభాలకు ఎనామిల్ రంగు వేశారు, గోడలకు సిమెంటు పూశారు. గోడ వారగా నేలలో ఒక రాతి పలక ఉండేది. దాని మీద అక్షరాలున్నాయని మాకు తెలుసు. నేను దాన్ని ఎవరితోనూ చదివించలేదు, అచ్చు తీయించలేదు, కనీసం ఫోటో తీయలేదు. అది టైల్స్ కిందికి పోయింది.

పనిచేసినవాళ్ల తప్పేమీ లేదు. పాతది కొత్తదానిలా మెరవాలని కరపత్రంలో చెప్పింది నేను. శాసనమంటే ఏమిటో తెలిసినవాణ్నీ నేనే. గుడి తెరిచిన నాడు కొత్త పలక మీద ‘పునరుద్ధరణ’ అని చెక్కించిందీ నేనే. ఒక పలకను పూడ్చి ఇంకో పలక నిలబెట్టాను. పూడ్చిన పలకలో ఏ చెరువు పేరుందో, ఏ దానం రాసుందో మా ఊరికి ఇక తెలియకపోవచ్చు.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలనీ, కొత్తగా చేర్చింది కొత్తదని తెలిసేలా ఉండాలనీ 1964లోనే వెనిస్ ఒడంబడిక చెప్పింది. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన వాస్తుశిల్పి వియోలె-ల-దుక్, పునరుద్ధరణ పేరిట కట్టడానికి ఎన్నడూ లేని సంపూర్ణ రూపం కూడా ఇవ్వవచ్చని రాశాడు. ఆయన విద్యలో నూరోవంతు లేకుండానే నేను మా ఊళ్లో ఆ పనికి దిగాను.

కంబోడియాలోని అంగ్‌కోర్‌లో బాఫూన్ గుడిని 1960లలో విప్పి, సుమారు 3 లక్షల రాళ్లు పరిచి, ఏది ఎక్కడిదో రాసిపెట్టుకున్నారు. ఖ్మేర్ రూజ్ కాలంలో ఆ కాగితాలు నాశనమయ్యాయి. రాళ్లు అక్కడే ఉన్నా పని పూర్తవడానికి 2011 దాకా పట్టింది. మన హనుమకొండలో వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని కూడా రాళ్లకు నంబర్లు వేసే విప్పారు. అది తిరిగి తెరుచుకున్నది ఏళ్ల తర్వాత, 2024 మార్చిలో. ఆ ఆలస్యం మీద కోపంగా రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. నంబరున్న రాయి ఆలస్యంగానైనా తన చోటికి చేరుతుంది. మా ఊరి పలకకు నంబరు లేదు, ఫోటో లేదు.

చెరువు సంగతి వేరు. కట్ట, తూము, మత్తడి ఏ పనికోసం కట్టారో ఆ పని చేస్తున్నాయా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టారు. పూడిక ఎంత తీశారో లెక్క కట్టవచ్చు, నీళ్లు ఎంత నిలిచాయో కొలవవచ్చు, శిఖం భూమి హద్దులు రికార్డుల్లో చూడవచ్చు. అక్కడ పూర్వస్థితి అనే మాటకు కొలత ఉంది. గుడి విషయంలో ఆ కొలత లేకుండా ఆ మాట వాడటమే నా మూర్ఖత్వం. కూలుతున్నదాన్ని ఆపండి, చెట్ల వేళ్లు తీయించండి, వాన నీళ్లు పోయే దారి చేయండి అని రాయాల్సిన చోట వైభవం గురించి రాశాను.

మీ ఊరి పాత గుడికి చందా అడుగుతూ ఎవరైనా కరపత్రం తెస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఉన్నది ఉన్నట్టు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశారా? అక్షరాలున్న రాళ్లను తెలిసినవాళ్లతో చదివించారా? పాత రాతికి సిమెంటు, రంగు పూయకుండా డంగు సున్నం పని తెలిసినవాళ్లను పిలిచారా? ఈ మూడింటికీ జవాబు వచ్చాకే చందా ఇవ్వండి.